ఏళ్ల తరబడి చూశాను, డాక్టర్ బాబు ఓ పట్టాన టెస్టు చేయించుకోడే!

స్టార్ మాలో ‘కార్తీక దీపం’ సీరియల్ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో అయిపోయింది. 1,500కు పైగా ఎపిసోడ్లు. అన్నీ చూశాననను గానీ, రాత్రి ఏడున్నరకి అమ్మ పక్కన కంచం పెట్టుకుని చాలావరకు చూశాను. కథ అందరికీ తెలిసిందే: డాక్టర్ బాబు అంటే హీరో కార్తీక్, ఆయన భార్య దీప, ఆయన్ని దక్కించుకోవాలని చూసేది మోనిత. నా ఏడుపల్లా డీఎన్ఏ టెస్టు గురించి.

నేను లాబ్ టెక్నీషియన్ని. డాక్టర్ బాబుకి పిల్లలు పుట్టే యోగం లేదని మోనిత దొంగ రిపోర్టు పుట్టించింది. ఆయన అది పట్టుకుని కడుపుతో ఉన్న దీపని అనుమానించాడు. మా దగ్గరికి వచ్చే తాపీమేస్త్రీకి వీర్యకణాల కౌంట్ తక్కువొచ్చినా కొన్ని వారాలాగి మళ్ళీ శాంపిల్ ఇమ్మంటాం. ఆ మధ్య గట్టిగా జ్వరమొచ్చినా ఆ లెక్క పడిపోతుంది. ఇతనేమో సాక్షాత్తూ డాక్టరు! పోనీ, కూతురు సౌర్య కళ్ళముందే తిరుగుతున్నప్పుడైనా? డీఎన్ఏ టెస్టుకి బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పితే చాలు. సీరియల్ తీసేది హైదరాబాద్‌లో, డీఎన్ఏ పరీక్షలకి పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నది ఉప్పల్లో. ఒక్క టెస్టుతో తేలిపోయేదానికి ఏళ్ల తరబడి ఉరుములు, మెరుపులు, ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించడాలు.

అమ్మ దగ్గర అంటే ఊరుకునేది కాదు. “టెస్టు చేయించి నమ్మితే అది నమ్మకం ఎలా అవుతుందిరా? దీప అడిగేది రిపోర్టు కాదు.” ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

అసలు సంగతి వేరే ఉంది. ఓరోజు అమ్మకి నేనే రక్తం తీసి మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు చేశాను. 8.1 వచ్చింది, అంటే ఎక్కువే. రిపోర్టు ఇంటికి తెచ్చి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఇది నాదేనా?”

“నేనే తీశాను కదమ్మా.”

“తీసింది నువ్వే. మిషన్లో పెట్టిందెవరు? మధ్యలో ఏ మోనితో మార్చి ఉంటే? ఒక్క కాగితం చూసి ఎలా నమ్మేస్తాంరా, ఇంకోచోట చేయిద్దాం పద.”

ఇంకోచోట 8.0 వచ్చింది. లడ్డూలు మానలేదు గానీ మాత్రలు మొదలెట్టింది. డాక్టర్ బాబుకి ఏళ్ల తరబడి తట్టనిది ఆయన్ని వెనకేసుకొచ్చిన మనిషికి ఐదు నిమిషాల్లో తట్టింది.

రంగు తక్కువైన అమ్మాయిని కథానాయికని చేశారని మొదట్లో లాబ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ నటనకి ఇప్పుడూ దండం పెడతాను. కాకపోతే ఆవిడకి నల్లరంగు పూసి మరీ చూపించారని తెలిశాక ఆ గొప్ప కాస్త తగ్గించి చెప్పుకుంటున్నాను. 2022లో దీపనీ కార్తీక్‌నీ పోయినట్టు చూపించి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి, మళ్ళీ ఈ ఇద్దర్నీ వెనక్కి తెచ్చి, ఆయనకి గతం మరిపించిన దగ్గర్నుంచి నేను అన్నం వంటింట్లోనే తిన్నాను.

చూడమంటారా అంటే ఏం చెప్పను. ఇంట్లో ఒకటే టీవీ, రిమోట్ అమ్మది. వైద్యంతో సంబంధం లేనివాళ్ళకి నాకున్నంత మంట ఉండదేమో. 2024 మార్చిలో అదే జంటతో, వేరే కథతో రెండోది మొదలైంది. అమ్మ చూస్తోంది. నేను అడిగేది ఒక్కటే: “ఇందులో ఎవరైనా రిపోర్టు తెచ్చారా?”