నాలుగేళ్లుగా జేబులో ఉన్న డ్రగ్ కార్డులు: అడుగున ఉన్న ఆ ఒక్క గడి

ఒడిశాలోని బరంపురంలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి ఏడాదిలో, ఒక్కో మందుకు ఒక్కో కార్డు ఉండే ఈ డ్రగ్ కార్డుల కట్టను కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో కొన్నాను. ఎవరో సీనియర్ చేత్తో రాసిన కార్డులు, రింగుకు గుచ్చి ఏటా అవే కాపీలు తీసి అమ్ముతారు. ఇప్పుడు పర్లాకిమిడిలో ఒక నర్సింగ్ హోంలో చేస్తున్నాను. ఆ కట్ట ఇంకా జేబులోనే ఉంది.

మందు గ్రూపు, డోసు, సైడ్ ఎఫెక్టులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నన్ను కట్టిపడేసింది కార్డు అడుగున ఉండే గడి: "మళ్లీ ఎప్పుడు చూడాలి?" పేషెంట్‌కు చేయాల్సిన సేవను రాసుకునే కేర్ ప్లాన్‌లో అసెస్‌మెంట్ (పరిశీలన) నుంచి ఇంప్లిమెంటేషన్ (ఆచరణ) దాకా అందరం శ్రద్ధగానే రాస్తాం. చేసినదానికి ఫలితం వచ్చిందా అని చూసే ఎవాల్యుయేషన్ దగ్గరికి వచ్చేసరికి మంచం దగ్గరికి వెళ్లకుండానే "కొంతవరకు తగ్గింది" అని రాసేస్తాం. ఈ గడి అలా రాయనివ్వదు. ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్‌ను ఐవీ (నరంలోకి) ఇస్తే అరగంటకు యూరిన్ బ్యాగు చూడు, మర్నాడు పొద్దున బరువు చూడు అంటుంది.

మూడో ఏడాది నైట్ డ్యూటీలో దాని విలువ తెలిసింది. గుణుపురం నుంచి వచ్చిన మామ్మగారు, షుగర్ పేషెంట్. రాత్రి ఏడున్నరకు సిస్టర్ రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చారు. అరగంటలో భోజనం చేయాలని చెప్పాం. ఎనిమిదింటికి అడిగితే "తిన్నానమ్మా" అన్నారు, నేను చార్టులో రాసుకున్నాను. కార్డులో మాత్రం "రెండు నుంచి నాలుగు గంటల మధ్య పనితనం బాగా ఎక్కువ, అప్పుడు చూడు" అని ఉంది. పదింటికి వెళ్లాను. మామ్మగారు పడుకునే ఉన్నారు. చేయి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. జాకెట్టు వీపంతా చెమట. పిలిస్తే కళ్లు తెరిచారు గానీ మాట ముద్దగా వచ్చింది. మంచం కింద క్యారేజీ మూత కూడా తీయలేదు. కొడుకు వస్తే కలిసి తిందామని ఆగారట.

సిస్టర్‌ని పిలిచాను. గ్లూకోమీటర్‌లో షుగర్ 48. 70 కంటే తగ్గితే చాలు, జాగ్రత్త పడాలి. మింగగలుగుతున్నారు కాబట్టి కూర్చోబెట్టి, మూడు నిండు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టించాం. పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 86. అప్పుడు క్యారేజీ విప్పి ఆవిడ చేత అన్నం తినిపించాను. ఆ గడి లేకపోతే అర్ధరాత్రి రౌండు దాకా అటు వెళ్లేదాన్ని కాదు.

అయితే అన్ని కార్డులూ ఇలా లేవు. యాంటీబయాటిక్స్ అన్నింటికీ "ఇన్ఫెక్షన్ లక్షణాలు తగ్గాయా" అన్న ఒకే మాట ఉంది. అది మన పాత "కొంతవరకు తగ్గింది"కి దగ్గరి చుట్టమే. నేను ఇంతగా మెచ్చుకున్న ఇన్సులిన్ కార్డులోనూ, సిరంజి దగ్గర యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కు వాడేది) అని మాత్రమే ఉంది. ఏదో విదేశీ పుస్తకం చూసి ఎత్తిరాసి ఉంటారు. మా దగ్గర వచ్చే వయల్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి కావాలి. నారింజ మూత యూ-100 సిరంజిలో 10 గీత దాకా లాగితే వెళ్లేది నాలుగు యూనిట్లే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలా లాగబోతుంటే పక్కనున్న అక్క ఆపింది. ఆ రోజే కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

నాకు ఈ కార్డులు ఇంతగా అక్కరకొచ్చింది చిన్న వార్డులో, పదీ పన్నెండు మంది పేషెంట్లతో పని కాబట్టి. వెనక వైపు ఖాళీలో "పరగడుపున" పక్కనే ఒడియాలో "ఖాలి పేటరే" అని నేనే రాసుకున్నాను, అదీ ఒక సాయం. పెద్దాసుపత్రిలో ఒక్కరే నలభై మందిని చూసేవాళ్లకు పదింటికి వెళ్లి చూడమనే గడి ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను. మా పిన్ని కూతురు ఈ ఏడాది జీఎన్ఎంలో చేరింది, కట్ట ఇమ్మని అడుగుతోంది. ఇస్తాను. ఇన్సులిన్ కార్డు మాత్రం తనకు కొత్తగా రాస్తున్నాను.