ఫ్లాటు కొనేవారికి హెచ్చరిక: అగ్రిమెంటులో "గోడ మరమ్మతు" అని రాసి ఊరుకోకండి

బెంగళూరులో పాత ఫ్లాటు కొనబోతున్న తెలుగువారు దయచేసి ఇది చదివిన తరువాతే అగ్రిమెంటుపై సంతకం చేయండి. మొన్న ఫిబ్రవరిలో వైట్‌ఫీల్డ్ దగ్గర పదకొండేళ్ల నాటి ఫ్లాటు మాకు నచ్చింది. బయానా ఇవ్వకముందే ఇళ్లు పరీక్షించే ఒక ఇంజనీరును పిలిపించాము. ఆయన తేమ కొలిచే మీటరుతో గోడలనూ, చిన్న సుత్తితో టైల్స్‌నూ, టెస్టరుతో ప్లగ్గులనూ చూసి, హాల్లో నాలుగు టైల్స్ డొల్లగా మోగుతున్నాయని, రెండు ప్లగ్గులకు ఎర్తింగ్ లేదని, అన్నిటికన్నా ముఖ్యంగా పడకగది గోడ పైభాగం నెమ్మెక్కిందని, ఆ నీళ్లు పై అంతస్తు బాత్రూము నుంచి దిగుతున్నట్టుందని రాసి ఇచ్చారు. అంతవరకు మేము చేసినది సరిగ్గానే ఉంది. పొరపాటు బేరంలో జరిగింది.

నివేదిక చూపించగానే అమ్మకందారు ఏమీ వాదించకుండా, అన్నీ తానే చేయించి ఇస్తానని, ధర మాత్రం తగ్గించనని అన్నారు. మేము సంతోషంగా ఒప్పుకొని, "పడకగది గోడ మరమ్మతు రిజిస్ట్రేషన్‌కు ముందు పూర్తి చేయాలి" అని అగ్రిమెంటులో రాయించాము. ఆయన గోడ గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించారు. రాసిన మాట ప్రకారం అది మరమ్మతే. పై ఇంట్లో అద్దెకున్నవారు మార్చిలో ఖాళీ చేయడంతో నీళ్లు దిగడం ఆగిపోయిందని మాకు తెలియదు. ఏప్రిల్‌లో గోడ పొడిగా, నున్నగా కనబడేసరికి ఇంజనీరును రెండోసారి పిలవకుండానే రిజిస్ట్రేషన్ చేయించుకొన్నాము. జూన్‌లో పైన కొత్తవారు దిగిన మూడో వారానికి రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొర తేలి, గోడ మళ్లీ మొదటికి వచ్చింది.

వకీలు చెప్పిన విషయం మమ్మల్ని ఇంకా బాధపెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాలను అమ్మేవారు ముందే చెప్పాలి. కానీ ఈ లోపం మా నివేదికలోనే ఉంది కనుక, తెలియదని వాదించే అవకాశం మాకు దాదాపు లేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నిర్మాణ లోపాలను స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లలోపు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ గడువు మా భవనానికి ఎప్పుడో దాటిపోయింది. అయిదేళ్లు నిండని ఫ్లాటును రెండో చేతి మీద కొంటున్నవారు మాత్రం స్వాధీనపత్రం తేదీని తప్పక అడిగి చూడండి.

కాబట్టి అగ్రిమెంటులో గోడ పేరు కాదు, కారణం పేరు రాయించండి. "పై బాత్రూముకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నేల మీద నీళ్లు కట్టి 48 గంటలు నిలిపి, కింద చెమ్మ రాలేదని కొనుగోలుదారు ఇంజనీరు చూసిన తరువాతే మిగతా సొమ్ము" అన్నంత వివరంగా ఉండాలి. పై ఇల్లు అమ్మకందారుది కాదు కనుక, ఆ యజమాని అంగీకారాన్ని కూడా అసోసియేషన్ ద్వారా రాతపూర్వకంగా ముందే తెప్పించమనండి. అమ్మకందారు ఆ అంగీకారం తేలేకపోతే, ఆ పనికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించమని గట్టిగా అడగండి. నా ఉద్దేశంలో పైపై మరమ్మతు కన్నా అదే మేలు. గృహరుణం తీసుకొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు చెక్కు అమ్మకందారు చేతికి వెళ్తుంది, సేల్ డీడులో సొమ్మంతా ముట్టిందని రాస్తారు, ఆ తరువాత ఆయనను పిలిపించే ఆధారం మన దగ్గర ఏదీ మిగలదు.

మా సంగతి ఇంకా తేలలేదు. పై ఫ్లాటు యజమాని వాటర్‌ప్రూఫింగ్‌కు ఒప్పుకొన్నారు కానీ, ఖర్చులో సగం మమ్మల్ని భరించమంటున్నారు. అసోసియేషన్ సమావేశం వచ్చే ఆదివారం ఉంది. అంతవరకు పిల్లల మంచం హాల్లోనే వేసుకొన్నాము.