జాగ్రత్త: డబ్బా మీది ‘1200’ అంకెను నమ్మి వైఫై రిపీటర్ కొనకండి

వైఫై అందని గది కోసం గోడ ప్లగ్గుకు గుచ్చే చిన్న రిపీటర్ (రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే పరికరం) కొనాలనుకుంటున్నారా? ఆర్డరు పెట్టే ముందు నాకు జరిగింది ఒకసారి చదవండి. నేను పెట్టిన డబ్బు 1,499 రూపాయలే. కానీ ఆ పరికరాన్ని నమ్ముకుని మా అమ్మాయి ఒక ఉద్యోగ ఇంటర్వ్యూ పోగొట్టుకుంది. ఆ బాధ ఇంకా తీరలేదు.

మాది రెండంతస్తుల ఇల్లు. రూటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది. అమ్మాయి గది పైన, సరిగ్గా ఎదురు మూలన. మధ్యలో ఇనుప చువ్వలు దట్టంగా కట్టి పోసిన స్లాబు, రెండు ఇటుక గోడలు. రూటర్ పక్కన నిలబడి చూస్తే సెకనుకు 94 మెగాబిట్లు వచ్చే వేగం పై గదిలో 6 దగ్గర ఆగిపోయేది. అందుకే రిపీటర్ వెతికాను. 1200 మెగాబిట్లు, రెండు బ్యాండ్లు (వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాల శ్రేణులు), నాలుగు యాంటెన్నాలు, పైగా వేల మంది ఇచ్చిన నక్షత్రాలు. కొనేశాను.

బిగించిన రోజే అనుమానం రావలసింది. ఫోనులో వైఫై స్కాన్ చేసే యాప్ పెట్టి చూస్తే ఈ పరికరం నుంచి 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఒక్కటే కనిపించింది. 5 గిగాహెర్ట్జ్ జాడే లేదు. ఇక్కడే అసలు మోసం ఉంది. 1200 అనేది ఏ ఒక్క ఫోనుకూ అందే వేగం కాదు. 2.4 బ్యాండు మీద కాగితం లెక్క ప్రకారం వచ్చే 300, 5 బ్యాండు మీద వచ్చే 867, ఈ రెండూ కూడి పైకి సవరిస్తే 1200 అవుతుంది. నిజాయితీగా తయారైన పరికరాల మీద కూడా ఇదే లెక్క. రెండో బ్యాండే లేని పరికరం మీద ఆ అంకె వేయడం మాత్రం పచ్చి అబద్ధం.

మిగిలిన 300లో కూడా చేతికొచ్చేది తక్కువే. ఒకే బ్యాండు ఉన్న రిపీటర్ రూటర్ మాట వినడానికీ, అదే మాట మీ ఫోనుకు చెప్పడానికీ ఒకే చానల్ (బ్యాండులోని ఒక దారి) వాడుతుంది. రెండు పనులూ ఒకేసారి చేయలేదు కాబట్టి దాదాపు సగం వేగం అక్కడే పోతుంది. పైగా 2.4 బ్యాండులో ఒకదానితో ఒకటి కలబడకుండా వాడుకోగల చానళ్లు 1, 6, 11 మాత్రమే. మా వీధిలో సాయంత్రమైతే పదిహేను ఇళ్ల వైఫైలు ఆ మూడింటి మీదే ఉంటాయి. కింది భాగంలోని కేబుల్ పోర్టు కూడా 100 మెగాబిట్లదే.

నా పొరపాటు కూడా ఒకటుంది. రిపీటర్‌ను నేరుగా అమ్మాయి గదిలోనే పెట్టాను. బావిలో ఉంటే కదా చేదలోకి వచ్చేది! అందని చోట పెడితే అందిన ఆ కాస్త సిగ్నల్‌నే అది మళ్లీ పంచుతుంది. తరువాత మెట్ల మలుపు దగ్గరికి మార్చాను. అప్పుడు వేగం 6 నుంచి 11కు పెరిగింది, అంతే.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం 5 గంటలకు. “మీ మాట తెగిపోతోంది, మళ్లీ చెప్పండి” అని అవతలివారు మూడుసార్లు అడిగారు. నాలుగోసారి తెర మీద బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. అమ్మాయి ల్యాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి హాల్లోకి వచ్చేసరికి వాళ్లు కాల్ ముగించేశారు. మళ్లీ పిలుపు రాలేదు.

ఆ రాత్రి డబ్బా మళ్లీ బయటికి తీశాను. దిగుమతిదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. ప్యాకేజీ సరుకుల మీద ఇవి ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలే చెబుతున్నాయి. అడుగున ఒక చిన్న కార్డు దొరికింది: ఐదు నక్షత్రాలు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 200 రూపాయలు ఇస్తారట. అప్పుడు సమీక్షలను పాతవాటి వరకూ చదివాను. అడుగునున్నవి రిపీటర్ గురించే కావు, చార్జింగ్ టార్చిలైటు గురించి. పాత సరుకుకు వచ్చిన నక్షత్రాల కింద కొత్త సరుకు పెట్టి అమ్ముతున్నారు. డబ్బిచ్చి రాయించుకున్న సమీక్షలు ప్రచురించకూడదని భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. మీరు కొనేటప్పుడు ఒకటి, రెండు నక్షత్రాల సమీక్షలు ముందు చదవండి. పాత తేదీలవి తప్పక చూడండి.

ఇంకో సంగతి. ఇది పంచే కొత్త నెట్‌వర్క్‌కు పాస్‌వర్డు గడి ఖాళీగానే వదిలేసింది. నేను గమనించేలోపు మూడు రోజులు మా వైఫై వీధికంతా తెరిచే ఉంది. మీ ఇంట్లో ఇప్పటికే ఇలాంటిది ఉంటే ఈ రోజే చూసుకోండి.

అమ్మకందారు “మార్చి ఇస్తాం, డబ్బు తిరిగి ఇవ్వం” అన్నాడు. మార్చి ఇచ్చిందీ అచ్చం అలాంటిదే. అప్పుడు డబ్బా ఫొటోలు, స్కాన్ యాప్ స్క్రీన్‌షాట్లు, ఆ కార్డు ఫొటో జతచేసి అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారికి రాశాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేశాను. పదకొండో రోజున డబ్బు ఖాతాలో పడింది. అలా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, కేసు మీరు ఉండే ఊళ్లోనే వేయవచ్చు.

పై గదిలో ఇప్పుడు 88 మెగాబిట్లు వస్తున్నాయి. కింది రూటర్ నుంచి 18 మీటర్ల క్యాట్-6 రకం నెట్‌వర్క్ కేబుల్ మెట్ల పక్కగా లాగించి, మూలన పడున్న పాత రెండు బ్యాండ్ల రూటర్‌ను చివర తగిలించాం. అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే సెట్టింగు) ఆపి, దాని ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) మార్చి, కేబుల్‌ను ఇంటర్నెట్ అని రాసిన పోర్టులో కాకుండా పక్కనున్న ల్యాన్ పోర్టులో పెట్టాలి. మనిషి కూలితో సహా 900 రూపాయలైంది. కేబుల్ లాగే వీలు లేని అద్దె ఇళ్లవారు రిపీటరే కొనాలంటే 5 గిగాహెర్ట్జ్ ఉందని వచ్చిన రోజే స్కాన్ చేసి చూడండి, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి.

నిన్న మళ్లీ వెతికాను. అదే పరికరం, అవే ఫొటోలు, ఇప్పుడు వేరే పేరుతో 1,299కి అమ్ముతున్నారు. గుర్తుపట్టడానికి: ముందు వైపు నడిమధ్య గుండ్రని బటను, నాలుగు మడత యాంటెన్నాలు, అడుగున ఒకే ఒక్క పసుపు పోర్టు.