మూడు కాళ్ల కప్ప కోసం కొన్న వాటర్ టెస్ట్ కిట్

ఇంట్లో కుళాయి నీళ్లకో, ఫిష్ ట్యాంక్‌కో అయితే ఈ కిట్ కొనుక్కోండి, పర్లేదు. చెరువులో ఏం కలిసిందో తేల్చేద్దామని మాత్రం నాలా కొనకండి.

మేముండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు. పోయిన వానాకాలం అపార్ట్‌మెంట్ వెనక కుంట దగ్గర మా వాడికి వెనక కాలు ఒకటి లేని చిన్న కప్ప దొరికింది. మా మదనపల్లె వాచ్‌మన్ చూసి "అంతా డ్రైనేజీ నీళ్ల మహిమ సార్" అన్నాడు, అంతే, ఆ రాత్రే "ఒకే స్ట్రిప్‌లో 16 పరీక్షలు" అని రాసున్న డబ్బా ఆర్డర్ పెట్టేశా. 100 స్ట్రిప్‌లు, 700 లోపే.

వాడటం సులువే. ముంచి, దులిపి, నిమిషం ఆగి, డబ్బా మీది రంగులతో పోల్చి చూడాలి. కుంట నీళ్లు అసలే పసరు రంగు, దాంతో లేత గులాబీయా ముదురు గులాబీయా అని నేనూ మా ఆవిడా కొట్టుకున్నంత పనైంది. చివరికి నైట్రేట్ (ఎరువులు, డ్రైనేజీ నీళ్లతో చేరే లవణం) 50 అని తేల్చాం. మన తాగునీటి ప్రమాణంలో హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు కదా, దొరికాడు దొంగ అనుకున్నా. కానీ ఆ 50 నైట్రేట్ లెక్కా, నైట్రేట్‌లో ఉండే నైట్రోజన్ లెక్కా అన్నది చార్టులో ఎక్కడా లేదు! అమెరికా వాళ్ల హద్దు 10 అంటారే, అది నైట్రోజన్ లెక్క, మన లెక్కలో 44 పైచిలుకు. నాలుగు రెట్లకు పైగా తేడా వచ్చే చోట ఒక్క ముక్క అచ్చు వేయడానికి ఏం రోగం? అమ్మినవాళ్లకు మెయిల్ పెడితే స్టార్ రేటింగ్ ఇవ్వమని జవాబొచ్చింది.

సరే, కప్ప సంగతి. కప్పల కాళ్ల ఈ గొడవ పెద్దగా బయటికొచ్చింది 1995లో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో హెండర్సన్ దగ్గర. బడి పిల్లలు ఒక చెరువులో పట్టిన 22 కప్పల్లో సగం వికారంగా ఉన్నాయి. మా వాచ్‌మన్ లాగే అక్కడా ముందు అనుమానం రసాయనాల మీదికే పోయింది. 1999లో చూస్తే, కాలిఫోర్నియా కప్పల్లో అదనపు కాళ్లకు కారణం రైబీరోయా అనే పరాన్నజీవి పురుగు. అది నత్తలో పెరిగి, బయటికొచ్చి, తోకకప్పకు కాళ్లు మొలిచే చోట దూరుతుంది, అక్కడ కాళ్లు అడ్డదిడ్డంగా పుట్టుకొస్తాయి, అలాంటి కప్ప సరిగా గెంతలేక కొంగ నోట్లో పడుతుంది, కొంగ కడుపులో పురుగు గుడ్లు పెట్టి రెట్టతో మళ్లీ నీళ్లలోకి వస్తుంది. అయితే రసాయనాలకు పూర్తిగా క్లీన్‌చిట్ ఏమీ లేదు. పురుగుమందు తగిలిన తోకకప్పల రోగనిరోధక శక్తి తగ్గి పురుగు ఎక్కువగా పట్టిందని 2002లో, ఎరువుల నైట్రోజన్, ఫాస్ఫరస్ నీళ్లలో పడితే నాచు పెరిగి, దాన్ని తిని నత్తలు పెరిగి, వాటితోపాటు పురుగూ పెరుగుతుందని 2007లో ప్రయోగాలు చేసి చూపించారు.

ఇప్పుడు కిట్ చూడండి. ఫాస్ఫేట్ (నీళ్లలో ఫాస్ఫరస్ ఉండే రూపం) గడే లేదు! సబ్బు నురగ చెరువులు దాటి రోడ్ల మీదికొచ్చే ఊళ్లో అమ్మే కిట్‌లో. పురుగుమందులు స్ట్రిప్‌కు అందే వస్తువే కాదు, దానికి ల్యాబ్‌లో పెద్ద మెషీన్ కావాలి. పురుగు సంగతి సరేసరి.

పైగా కప్పల్లో దొరికిన ఆ రైబీరోయా జాతి అమెరికా ఖండాలది, మన కుంటకు అతికించలేం. మాకు దొరికింది అదనపు కాలున్న కప్ప కూడా కాదు, కాలు లేనిది. తోకకప్పకు అప్పుడే మొలిచే కాళ్లను తూనీగ పిల్లపురుగులు కొరికేస్తాయని 2009లోనే రాశారు. కాలు పోయిన కప్పలు చాలా వాటికి అదే కారణం కావచ్చట, అంటే ఏ విషమూ లేకుండానే.

అసలు ముందు చేయాల్సింది లెక్క. అమెరికాలో 2000 నుంచి పదేళ్లపాటు అభయారణ్యాల్లో దాదాపు 48 వేల కప్పల్ని చూస్తే సగటున 2 శాతానికి ఏదో ఒక లోపం ఉంది. మేం మూడు సాయంత్రాలు టార్చి పట్టుకుని, ముట్టుకోకుండా 43 కప్పలు చూశాం. ఆ ఒక్కటి తప్ప అన్నీ బాగానే ఉన్నాయి, అంటే మా లెక్కా ఇంచుమించు ఆ 2 శాతమే. టార్చి ఇంట్లోదే, దోమలు కుట్టడం తప్ప పైసా ఖర్చు లేదు.

రెండు స్టార్లు. డబ్బా మూత గట్టిగా పట్టదు, వానల్లో నెల తిరక్కుండానే సగం స్ట్రిప్‌లు తడవకముందే రంగు మారాయి. మిగిలినవాటితో మా ఆవిడ ట్యాంకర్ నీళ్ల కఠినత్వం చూస్తోంది, ఆ గడి మాత్రం బాగానే పనిచేస్తోంది.