చేప ఎక్కడిదో పలక మీద రాసిపెట్టే మెస్

హైదరాబాద్ శివార్లలో అమీన్‌పూర్ దాటి గండిగూడెం వైపు వెళ్లే దారిలో ఒక చేపల మెస్ ఉంది. బోర్డు లేదు, రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ముందర వేపచెట్టు. నేను మియాపూర్‌లో ఉంటాను, ఐదారేళ్లుగా నెలకు రెండుసార్లయినా వెళ్తున్నాను. మొన్న ఆదివారం అమ్మను కూడా తీసుకెళ్లాను, ఆమె అడిగిన ఒక ప్రశ్న వల్లే ఇది రాస్తున్నా.

ముందు తిండి సంగతి. బొచ్చె పులుసు, రవ్వ వేపుడు, దొరికిన రోజు కొర్రమీను. పులుసులో చింతపండు గట్టిగా తగులుతుంది, చివర్లో వేసే మెంతిపొడి వాసన బండి దిగగానే వస్తుంది, ముక్క విరగకుండా ఉంటుంది. అన్నం కంటే జొన్నరొట్టెతో తినండి. కారం ఎక్కువే, పిల్లలకు కష్టం. రెండున్నర దాటితే రొట్టెలు అయిపోతాయి, ఒకసారి ఉప్పు కూడా ఎక్కువైంది, చెప్తే మారుమాట లేకుండా వేరే గిన్నె పెట్టారు.

ఇక అమ్మ ప్రశ్న. కూర్చోగానే "ఈ చేపలు ఈ చెరువువేనా?" అంది. ఆమె భయం ఊరికే కాదు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు లెక్కలేనన్ని చచ్చి తెల్లటి పొట్టలతో తేలాయి, అప్పుడు టీవీలో చూసిన వాళ్లు మర్చిపోరు. వానలు పడ్డప్పుడు ఫ్యాక్టరీల వ్యర్థాల నీళ్లు వాన నీటితో కలిసి చెరువుల్లోకి దిగుతాయని ఇక్కడి వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. పటాన్‌చెరు కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2001లో హైకోర్టుకు మారింది. 2007లో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధనలో, పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థ నీళ్లను శుద్ధి చేసే కేంద్రం నుంచి శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు దొరికింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఇవన్నీ తెలిసిన మనిషి ఈ దారిలో చేప తినాలంటే అడగకుండా ఎలా ఉంటుంది?

మెస్ నడిపే అక్క ఏమీ అనుకోలేదు, గోడకున్న పలక చూపించింది. సుద్దముక్కతో రాసి ఉంది: బొచ్చె, రామ్‌నగర్ మార్కెట్, తెల్లవారి 4. "ఈ చెరువు చేప నేను వండనమ్మా" అంది.

అంతకుముందు ఆమెకు చేపలన్నీ ఈ చెరువు నుంచే వచ్చేవి, మూడు కుటుంబాలు రోజూ తెచ్చి పోసేవి. చేపలు చచ్చిన వారం ఆ ఇళ్లలో పొయ్యి వెలగలేదు. ఫొటోలు దిగి బియ్యం బస్తా పెట్టి పోయినవాళ్లు వచ్చారట, పోయారట. కొన్నాళ్లకు చెరువులో మళ్లీ చేపపిల్లలు వదిలారు, చేప పెరిగింది, అప్పుడొచ్చింది అసలు కష్టం. వాళ్లు గంప పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చారు, అక్కా నువ్వు కూడా కొనకపోతే ఎవరు కొంటారు అని. "ఆళ్ల మీద పాయిరం ఉన్నది తమ్మీ, గని ఆ చేప నీ ప్లేట్ల పెట్టలేను" అని నాతో చెప్పేటప్పుడు కళ్లు తుడుచుకుంది.

కొనలేదు. కానీ వాళ్లను వదల్లేదు. ఆ ఇళ్లలో పెద్దాయనకు ముందే డబ్బులిచ్చి రామ్‌నగర్ పంపడం మొదలుపెట్టింది. చేపను చూసి ఏది మంచిదో చెప్పడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు, మొప్ప ఎత్తి చూస్తాడు, వేలితో నొక్కుతాడు. కిలోకు ఇంత అని ఆయనకు కూలి. ఆడవాళ్లు ఇద్దరు షెడ్డు వెనక చేపలు కోస్తారు, వాళ్లకు రోజు కూలి, మధ్యాహ్నం భోజనం. వెళ్తే ఒకసారి చూడండి: జిగురుకు చేప జారకుండా చేతికి బూడిద రాసుకుని, తోక పట్టుకుని, కత్తిని వెనక్కి తిప్పి పొలుసు తీస్తారు, పొలుసులు గాజుపెంకుల్లా ఎగిరి ముంజేతుల మీద అతుక్కుంటాయి. అమ్మ అరగంట వాళ్ల పక్కనే పీట వేసుకుని కూర్చుంది, వాళ్లు చెరువు గురించి చెప్తుంటే వింటూ.

నాకు ఈ మనిషి మీద గౌరవం ఇందుకే. జాలితో ఆ చేపలు కొని మనకు వడ్డించి ఉంటే ఆ నష్టం మన పొట్టల్లోకి వచ్చేది. భయంతో వాళ్లను దూరం పెట్టి ఉంటే, తప్పు చేయనివాళ్లే రెండోసారి నష్టపోయేవాళ్లు. ఆమె రెండూ చేయలేదు, దానికి ఆమెకు ఖర్చవుతోంది. ఆటో కిరాయి, ఐసు, కూలి కలిసి ప్లేటు మీద పడతాయి, అందుకే పక్క బండ్ల కంటే ఇక్కడ ముప్పై నలభై రూపాయలు ఎక్కువ. దయచేసి బేరం ఆడకండి.

ఒక లోటు ఉంది, చెప్పాలి. ల్యాబ్ రిపోర్టు లాంటిదేమీ ఆమె దగ్గర లేదు, పలక మీద రాతే. నేను నమ్ముతున్నా, మీకు అనుమానముంటే అడగండి, కోప్పడదు. చూపుకు తాజాగా ఉన్న చేపలో మందులున్నాయో లేవో కంటితో తెలియదు కాబట్టి, ఎక్కడ కొన్నా చేప ఏ చెరువుదో అడగడం అలవాటు చేసుకోండి, వానల తర్వాత రోడ్డు పక్కన మరీ చవకగా అమ్ముతుంటే ఇంకా గట్టిగా అడగండి.

మంగళవారం సెలవు. పార్సిల్‌కు డబ్బా మీరే తీసుకెళ్లాలి. కారు వేపచెట్టు కింద పెట్టకండి, చేపలు తెచ్చే ఆటో అక్కడే ఆగుతుంది.