మెలోట్రాన్ ఎం400: ఏళ్ల తరబడి వాయించాక నా మాట

మా బ్యాండ్ బర్మింగ్‌హామ్‌లో ఉంది. నలుగురం. డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ అంటే ప్రాణం. కీబోర్డులు నావి. వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ వాయించిందీ, ఎక్కువసార్లు విప్పి బిగించిందీ మెలోట్రాన్ ఎం400 అనే టేపు కీబోర్డు. తెల్లటి చెక్కపెట్టె, 35 కీలు, వాల్యూమ్‌కి, టోన్‌కి, పిచ్‌కి తలా ఒక నాబ్, ట్రాక్ మార్చడానికి ఇంకొకటి. అంతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడి "ఇది కొనొచ్చా అన్నా?" అని అడిగే తెలుగు కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. దీని బాగోగులన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఇందులో ధ్వనిని పుట్టించే సర్క్యూట్ ఏమీ లేదు. ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క, దాన్ని చదవడానికి సొంతంగా ఒక హెడ్. మూత తీసి ఫ్రేములోకి చూస్తే ఆ 35 టేపులు మగ్గం మీద పడుగు దారాల్లా వరసగా కనిపిస్తాయి. కీ నొక్కితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒక ప్యాడ్ టేపును హెడ్‌కి అదుముతుంది. ఒక చిన్న రోలర్ అదే టేపును, ఎప్పుడూ తిరుగుతూ ఉండే పొడవాటి ఇనుప కడ్డీకి ఆనిస్తుంది. టేపు కదులుతుంది, ఎవరో ఎప్పుడో వాయించిన ఆ స్వరం వినిపిస్తుంది. కీ వదిలితే స్ప్రింగు టేపును మళ్లీ మొదటికి లాగేస్తుంది.

టేపు వెడల్పు 3/8 అంగుళాలు. దాని మీద మూడు ట్రాకులు. నా ఫ్రేములో మూడు వయొలిన్లు, చెల్లో, ఫ్లూట్ ఉన్నాయి. ఎం400లతో ఎక్కువగా కనిపించే కూర్పు ఇదే. సెలెక్టర్ నాబ్ తిప్పితే హెడ్లే పక్కకు జరిగి వేరే ట్రాకు మీదికి వస్తాయి. నాబ్‌ను రెండు ట్రాకుల మధ్య ఆపితే రెండూ కలిసి వినిపిస్తాయి. వయొలిన్, చెల్లో మధ్యలో పెట్టి నెమ్మదిగా ఒక మైనర్ కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) వాయిస్తే ఎప్పటికప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఈ యంత్రం మీద నాకున్న మోహంలో సగం ఆ ఒక్క నాబ్ వల్లే.

ఇక ఎనిమిది సెకన్ల సంగతి. టేపు పొడవు అంతే. కీ అలాగే నొక్కి పట్టుకుంటే ఎనిమిది సెకన్ల దగ్గర్లో టేపు అయిపోతుంది, శబ్దం ఆగిపోతుంది. చివరికొచ్చి మళ్లీ మొదటి నుంచి తిరిగే లూప్ లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదే పెద్ద లోపంగా అనిపిస్తుంది. నాకు మాత్రం దీని విలువంతా ఇందులోనే ఉందనిపిస్తుంది. లూప్ లేదు కాబట్టి ప్రతి స్వరానికీ మొదలుంది. కమాను తీగకు తగిలే ఆ మొదటి గరుకు, ఫ్లూట్‌లోకి ఊదిన గాలి, తర్వాత స్వరం కుదురుకోవడం, చివర్లో కాస్త సడలడం, అన్నీ టేపు మీద ఉన్నాయి. పక్క కీ నొక్కితే అక్కడ వయొలిన్ వాళ్ల చెయ్యి ఇంకోలా కదిలింది. వైబ్రాటో, అంటే స్వరంలోని ఆ సన్నని ఊగు, కొంచెం వేగం, కొంచెం బిగువు. ఇలా 35 కీలకు 35 తీర్లు. నాలుగు కీలు కలిపి నొక్కితే నాలుగు వేర్వేరు క్షణాల్లో, వేర్వేరు మనఃస్థితుల్లో వాయించిన స్వరాలు ఒకచోట కలుస్తాయి. అవి ఎప్పుడూ పూర్తిగా అతుక్కోవు. ఆ అతకకపోవడంలోనే ఒక దిగులు ఉంటుంది. రాక్ సంగీతం దీన్ని పట్టుకుని వదలకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. గిటార్, డ్రమ్స్ వెనక నిజమైన ఆర్కెస్ట్రా పెడితే వైభవం వస్తుంది. మెలోట్రాన్ పెడితే ఎక్కడో దూరంగా, ఎప్పుడో వాయించిన ఆర్కెస్ట్రా గాలిలో తేలి వస్తున్నట్టుంటుంది.

వాయించే పద్ధతి కూడా ఆ ఎనిమిది సెకన్ల చుట్టూనే తిరుగుతుంది. పొడవాటి కార్డ్ కావాలంటే వేళ్లన్నీ ఒకేసారి దించకూడదు. ఒక స్వరం వదిలి అదే కార్డ్‌లోని ఇంకో స్వరం పట్టుకుంటూ, వదిలిన టేపు వెనక్కి వెళ్లేలోగా మిగతావి మోయాలి. అలవాటయ్యాక చెయ్యి సాలీడులా పాకుతుంది. ఇంగ్లిష్ వాళ్లు కూడా ఆ వేళ్ల నడకకు సాలీడు పేరే పెట్టుకున్నారు. దీనివల్ల కార్డ్ లోపల ఎప్పుడూ ఏదో ఒక కదలిక ఉంటుంది, ఒక గొంతు ఆగి ఇంకో గొంతు అందుకుంటుంది. నేను మామూలు సింథ్ వాయించేటప్పుడు కూడా ఇప్పుడు చెయ్యి అలాగే నడుస్తుంది. డ్రమ్మర్ కూడా నా ఊపిరికి తగ్గట్టు ఖాళీలు వదలడం నేర్చుకున్నాడు.

చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక వయొలిన్ కొంతకాలం నేర్చుకున్నాను. ఆ చెవితో వింటే ఇందులో ఒకటి వెలితిగా ఉంటుంది. స్వరం నుంచి స్వరానికి జారు లేదు, గమకం అసలే లేదు. ప్రతి స్వరం కొత్తగా మొదలవ్వాల్సిందే. పిచ్ నాబ్ తిప్పి మొత్తం శ్రుతిని కిందికీ పైకీ జార్చవచ్చు గానీ అన్ని స్వరాలూ కలిసే జారతాయి. అందుకే దీనిమీద మన రాగాల జోలికి పోను. దీనికి నప్పేది నిదానంగా మారే కార్డ్‌లు, పొదుపైన చిన్న మెలొడీలు. అక్కడ మాత్రం దీనికి సాటి లేదు.

నేనుండే ఊరితో దీనికున్న బంధం గురించి రెండు మాటలు. అసలు ఆలోచన అమెరికాది. కాలిఫోర్నియాలో హ్యారీ ఛాంబర్లిన్ అనే ఆయన టేపుతో పలికే కీబోర్డులు ముందే చేశాడు. ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా ఉన్న బిల్ ఫ్రాన్సెన్ 1962లో రెండు వాద్యాలు ఇంగ్లండ్ తెచ్చి, ఒకే తీరున పలికే 70 టేపు హెడ్లు చేసిపెట్టే వాళ్ల కోసం వెతికాడు. బర్మింగ్‌హామ్‌లోని బ్రాడ్‌మాటిక్ కంపెనీ, అంటే బ్రాడ్లీ అన్నదమ్ములు, ముందుకొచ్చారు. అది ఛాంబర్లిన్ సృష్టి అన్న సంగతి వాళ్లకు అప్పటికి తెలియదు. తర్వాత గొడవైంది, డబ్బు ఒప్పందంతో సర్దుకుంది. 1963లో మెలోట్రాన్ మార్క్ 1, మరుసటి ఏడు మార్క్ 2 వచ్చాయి. మార్క్ 2లో పక్కపక్కన రెండు కీబోర్డులు, 70 కీలు, దాదాపు 160 కిలోల బరువు. ఇళ్లలో, క్లబ్బుల్లో వినోదానికని అమ్మారు. ఎడమ కీబోర్డులో తాళాలు, తోడు వాద్యాలు, కుడివైపు సోలో వాద్యాలు. దీన్ని రాక్ బ్యాండ్లు ఎత్తుకుపోతాయని అమ్మినవాళ్లు అనుకోలేదు. తమ పొట్ట కొడుతుందేమోనని బ్రిటన్‌లో వాద్యకారుల యూనియన్ మాత్రం కలవరపడింది.

మైక్ పిండర్ కథ నాకు మరీ ఇష్టం. ఆయన బ్రాడ్లీల ఫ్యాక్టరీలోనే కొంతకాలం మెలోట్రాన్లు టెస్ట్ చేసే పని చేశాడు. తర్వాత మూడీ బ్లూస్ బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడై, ఈ ఊళ్లోనే డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ క్లబ్బులో మూలన పడి ఉన్న మార్క్ 2ను కొన్నాడు. తాళాల టేపులు పీకేసి అక్కడ కూడా సోలో వాద్యాలే పెట్టుకున్నాడు. 1967లో 'నైట్స్ ఇన్ వైట్ శాటిన్'లో వినిపించే ఆ తీగల వరద ఆయన చేతిదే. లోపల ఏ స్క్రూ ఎక్కడుందో తెలిసినవాడు వాయిస్తే ఈ యంత్రం ఎంత దూరం వెళ్తుందో వినాలంటే ఆ రికార్డులు వినాలి. అదే ఏడాది వచ్చిన బీటిల్స్ 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో ఫ్లూట్లు పాల్ మెకార్ట్నీ మెలోట్రాన్ మీద వాయించినవి. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌లో ఇయాన్ మెక్‌డొనాల్డ్ దీన్ని కొండంత ఎత్తుకు తీసుకెళ్లాడు. 1972లో జెనెసిస్ 'వాచర్ ఆఫ్ ది స్కైస్' మొదలుపెట్టే కార్డ్‌లు టోనీ బ్యాంక్స్ వాయించాడు. మరుసటి ఏడు లెడ్ జెపెలిన్ 'ది రెయిన్ సాంగ్'లో జాన్ పాల్ జోన్స్ దీన్ని ఎంతో మృదువుగా, ఉన్నదా లేదా అన్నట్టు వాడాడు. బిగ్గరగా వాయించడం సులువు. జోన్స్ చేసినట్టు చేయడానికి నేను ఇప్పటికీ కష్టపడుతున్నాను.

ఎం400 వచ్చింది 1970లో. ఒకటే కీబోర్డు, బరువు దాదాపు 55 కిలోలు. మార్క్ 2తో పోలిస్తే స్టేజీ ఎక్కించడం చాలా తేలిక. సుమారు 1,800 తయారయ్యాయి. ఫ్రేము మొత్తం బయటికి తీసి వేరే వాద్యాలున్న ఫ్రేము పెట్టుకోవచ్చు. నా దగ్గర రెండో ఫ్రేములో ఎనిమిది గొంతుల కోరస్ ఉంది. పాటకూ పాటకూ మధ్య మార్చే పని కాదు. ఆ రోజు ఏ ఫ్రేమో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

కష్టాల విషయానికొస్తే, మొదటిది శ్రుతి. ఒకేసారి ఎక్కువ కీలు నొక్కితే మోటారు మీద భారం పడి శ్రుతి దిగుతుంది. పాత మోటారు కంట్రోల్ కార్డుతో ఇది ఘోరంగా ఉండేది. ప్రతి షోకి ముందూ టెన్షనే. ఈ రోజుల్లో దొరికే కొత్త తరహా కార్డు వేయించాక చాలావరకు తీరింది. ఈ వాద్యం మీద నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా సార్థకమైంది అదే. రెండోది ఒక్కో కీకి రోలర్ ఒత్తిడి, ప్యాడ్ ఒత్తిడి సరిచూసుకోవడం. రోలర్ వదులైతే స్వరం జారిపోతుంది, ప్యాడ్ వదులైతే మూగబోతుంది. ఒకసారి సర్వీసుకిచ్చిన చోట అన్ని స్క్రూలూ ఒకే కొలతకు బిగించి ఇచ్చారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంది, వాయిస్తే సగం కీలు గునిశాయి. ఏ కీ దానికదే, చెవితో విని బిగించాల్సిందే. అప్పటి నుంచి ఆ పని ఇంకెవరికీ ఇవ్వడం లేదు. మూడోది వాతావరణం. ఇక్కడి చలికాలంలో చల్లటి వ్యాన్‌లోంచి దించి నేరుగా వేడి హాల్లో పెడితే టేపులు, చెక్క రెండూ సర్దుకోవడానికి టైమ్ కావాలి. సౌండ్ చెక్‌కి చాలా ముందే దించి, ఆన్ చేసి వదిలేస్తాం. శుభ్రం చేయడం మాత్రం తేలికే. హెడ్లూ ఆ తిరిగే కడ్డీ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

టేపులు ఇప్పటికీ దొరుకుతున్నాయి, అది పెద్ద ఊరట. బ్రాడ్లీల స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ (బ్రాడ్‌మాటిక్‌కే తర్వాత పెట్టిన పేరు) 1986లో మూతపడినా, ఆ అన్నదమ్ముల్లో ఒకరైన లెస్ బ్రాడ్లీ కొడుకు జాన్ బ్రాడ్లీ, మార్టిన్ స్మిత్ దాన్ని మళ్లీ నిలబెట్టి 2007లో ఎం4000 అనే కొత్త టేపు వాద్యాన్నే తెచ్చారు. స్వీడన్‌లో మార్కుస్ రేష్ 1999లో మార్క్ 6 తెచ్చాడు. టేపు లేని ఎం4000డి కూడా 2010లో ఆయన దగ్గర నుంచే వచ్చింది.

ఆ డిజిటల్‌దీ, కంప్యూటర్‌లో వాడే సాఫ్ట్‌వేర్లూ వాయించి చూశాను. రికార్డింగ్ వింటే తేడా పట్టుకోవడం కష్టం, అందులో అబద్ధం లేదు. బరువు లేదు, శ్రుతి చెడదు, ఎన్నో ధ్వనులు. రేపు హైదరాబాద్‌లో మీకు షో ఉంటే మీకు కావాల్సింది అదే. ఇక్కడి నుంచి టేపు వాద్యం ఓడలో తెప్పించుకుని, మన ఎండకూ వానాకాలపు తేమకూ అప్పగించి, బాగుచేసే మనిషి కోసం వెతకమని ఎవరికీ చెప్పను. కానీ వేలి కింద తేడా ఉంది. టేపు మెలోట్రాన్‌లో కీ సగం నొక్కితే స్వరం సన్నగా, వణుకుతూ వస్తుంది. ఇంకాస్త అదిమితే నిండుకుంటుంది. నా వేలికీ ఆ టేపుకీ మధ్య ఉన్నది ఒక చెక్క ముక్క, ఒక ప్యాడ్ మాత్రమే. ఆ వణుకు కావాలని తెప్పించడం నేర్చుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది. ఇప్పుడు మా పాటల్లో జనం గుర్తుపెట్టుకుని వచ్చి అడిగే చోట్లన్నీ అవే.

కాబట్టి స్టూడియోనో, కదిలించక్కర్లేని గదో ఉండి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమైతే కొనండి. మంచి ఎం400 సెకండ్ హ్యాండ్ కారు ధర పలుకుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు 35 కీలూ ఒక్కొక్కటిగా ఎనిమిది సెకన్లూ చివరిదాకా నొక్కి వినండి, మూడు ట్రాకుల్లోనూ. టేపు తడబడకుండా వెనక్కి వెళ్తోందో లేదో చూడండి. తర్వాత రెండు చేతులతో పది కీలు ఒకేసారి అదిమి శ్రుతి ఎంత దిగుతుందో వినండి. దిగితే భయపడక్కర్లేదు, కొత్త మోటారు కంట్రోల్ కార్డు ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. హెడ్లు అరిగి గాడులు పడి ఉంటే మాత్రం, పెట్టె ఎంత తెల్లగా మెరుస్తున్నా, బేరం మొదలుపెట్టకుండానే వచ్చేయండి.