రే రాబర్ట్స్ లేక్‌లో పాంటూన్ బోటు అద్దెకు తీసుకుంటున్నారా? డిపాజిట్ పంపే ముందు ఇది చదవండి

డాలస్, ఫ్రిస్కో, డెంటన్ వైపు ఉండే మనవాళ్లందరికీ జాగ్రత్త చెప్దామని రాస్తున్నాను. ఎండాకాలం రాగానే మనలో చాలామందికి వీకెండ్ అంటే లేక్, స్టేట్ పార్క్, గ్రిల్లు, ఈ మధ్య బోటు కూడా. మేమూ అలాగే మెమోరియల్ డే వీకెండ్‌కి రే రాబర్ట్స్ లేక్‌లో ఒక పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) మాట్లాడుకున్నాం. డబ్బు పోయింది, అది వేరే సంగతి. డబ్బు కంటే పెద్దది పోయి ఉండేదేమో అన్న ఆలోచనతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు ఒక మాట. ఇది స్టేట్ పార్క్ వాళ్ల మీద ఫిర్యాదు కాదు, మెరీనా వాళ్ల మీదా కాదు. ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి, ట్రైలర్ మీద బోటు తెచ్చి, బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంప్ దగ్గర ఇచ్చి వెళ్లే ఒక ప్రైవేటు మనిషి చేసిన పని. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి ప్రకటనలు వేరే పేర్లతో కూడా కనబడుతున్నాయి. మీరు గుర్తు పట్టాల్సింది మనిషిని కాదు, పద్ధతిని.

అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. మేం ముగ్గురం, వాళ్లిద్దరు, మా బామ్మర్ది, మా ఫ్రెండ్ వాళ్లు నలుగురు, మొత్తం పది మందిమి. అందులో పిల్లలు ముగ్గురు: మా పాపకి ఐదేళ్లు, ఫ్రెండ్ పిల్లలకి ఎనిమిది, మూడు. ప్రకటనలో తెల్లటి బోటు, నీలం కానపీ, కొత్త సీట్లు. నాలుగు గంటలకి 480 డాలర్లు, డిపాజిట్ 500. అద్దె కార్డుతో లింక్ మీద కట్టించుకున్నాడు, డిపాజిట్ మాత్రం జెల్‌లో (Zelle, బ్యాంకు యాప్‌లోంచి నేరుగా ఎదుటివాళ్ల ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) పంపమన్నాడు. కార్డు మీద అయితే తిరిగి వేయడానికి వారం పడుతుందని, జెల్ అయితే ఆ సాయంత్రమే పంపేస్తానని చెప్పాడు. వినడానికి బాగానే ఉంది కదా, పంపేశాను. పిల్లల లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని రెండుసార్లు మెసేజ్ పెట్టాను, పిల్లల వయసులు కూడా రాశాను. అన్ని సైజులూ ఉన్నాయన్నాడు. పార్కు డే పాస్ బుక్ చేసుకోవాలా అని అడిగితే అక్కర్లేదు, నా పేరు చెప్తే గేటు దగ్గర వదిలేస్తారు అన్నాడు.

శనివారం పొద్దున రే రాబర్ట్స్ స్టేట్ పార్కులోని ఐల్ డు బా యూనిట్ గేటు దగ్గరికి వెళ్తే, ఆ రోజుకి పార్కు నిండిపోయింది, ముందే రిజర్వ్ చేసుకున్నవాళ్లకే ప్రవేశం అన్నారు. లాంగ్ వీకెండ్‌లో టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఇది మామూలే, నాకు తెలిసీ అతని మాట నమ్మాను, అది నా తప్పే. అతని పేరు చెప్తే గేటు దగ్గర ఉన్నావిడ అలాంటి వాళ్లెవరూ మాకు తెలియదంది. స్టేట్ పార్కు లోపల వ్యాపారం చేయాలంటే పార్కు అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉందా అని ఒక్క ఫోన్ పార్కు ఆఫీసుకి ముందే చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

అతనికి ఫోన్ చేస్తే లేక్‌కి ఇంకో వైపున్న ర్యాంప్‌కి రమ్మన్నాడు. ఈ లేక్ చిన్నది కాదు, దాదాపు 29 వేల ఎకరాలు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి వెళ్లాలంటే చుట్టూ తిరిగి రావాలి. రెండు కార్లలో, ఏడుస్తున్న మూడేళ్ల పిల్లతో అలా తిరిగి చేరేసరికి మా నాలుగు గంటల్లో ఒక గంట అయిపోయింది.

అక్కడున్నది ఫొటోలో బోటు కాదు. సీట్లు చిరిగి, వాటి మీద వెండిరంగు టేపు. సరే, సీట్లు ఎలా ఉంటే ఏంటి అనుకున్నాం. మా బామ్మర్ది కూలర్ ఎక్కిస్తున్నాడు, నేను జాకెట్లు అడిగాను. అతను ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీశాడు. మూత తీయగానే తడి గోనెసంచి వాసన. పది మందికి ఎనిమిది జాకెట్లు, ఎనిమిదీ పెద్దవాళ్లవే. ఒకదానికి బకిల్ విరిగిపోతే ఆ చోట నైలాన్ తాడు కట్టి ఉంది. లోపలి వైపు ట్యాగు చూద్దామంటే అక్షరాలు అరిగిపోయి, వేలితో రుద్దితే పొడిలా రాలుతోంది.

అయినా ఒకటి తీసి మా పాపకి వేశాను. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు లాగగలిగినంత లాగాను. అప్పుడు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాను. సరైన సైజు అయితే మనిషి కూడా జాకెట్‌తో పాటు లేవాలి. జాకెట్ ఒక్కటే లేచి పాప చెవులు దాటి పైకి వచ్చేసింది. లోపల్నుంచి "నాన్నా, ఏమీ కనబడట్లేదు" అంటోంది. నీళ్లలో పడితే అదే జరుగుతుంది, జాకెట్ పైన తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది.

అతన్ని అడిగితే, పిల్లలు మధ్యలో కూర్చుంటారు కదా, లేక్ ఇవాళ ప్రశాంతంగానే ఉంది, అందరూ ఇలాగే వెళ్తారు అన్నాడు. ఈలోగా నేను ఇంజిన్ దగ్గర చూస్తే కిల్ స్విచ్ తాడు లేదు. బోటు నడిపే మనిషి ఒంటికి తగిలించుకునే తాడు అది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది, లేకపోతే తిరుగుతున్న ప్రొపెల్లర్‌తో బోటు నీళ్లలో ఉన్న మనిషి మీదికే వచ్చే ప్రమాదం ఉంది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముల్లు ఎర్రగీతలో ఉంది.

మా నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు, కానీ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. డబ్బాలో జాకెట్లన్నీ ఒక్కొక్కటే తీసి గట్టు మీద పరిచి చూశారు. "ఇవన్నీ పెద్దవాళ్లవిరా. చిన్నపిల్లలవి ఏవి?" అన్నారు. లేవని చెప్పాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కచ్చులూరు మర్చిపోయావా? కూలర్ దింపించు" అన్నారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు దేవీపట్నం దగ్గర కచ్చులూరులో మునిగిన రోజు మా ఇంట్లో టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. మా వైపు వాళ్లకి ఆ పేరు చెప్తే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

కూలర్ దింపేశాం. ఎక్కనని చెప్తే అతను, 48 గంటల లోపు క్యాన్సిల్ చేస్తే అద్దె వాపస్ లేదు అన్నాడు. మరి డిపాజిట్ అంటే, సాయంత్రం పంపిస్తా అన్నాడు. సాయంత్రం మెసేజ్ పెడితే చూశాడు, జవాబు లేదు. మర్నాటికి నా నంబర్ బ్లాక్.

ఇక డబ్బు సంగతి. కార్డుతో కట్టిన 480కి బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ ఛార్జ్ చెల్లదని అభ్యంతరం) వేశాను. అన్ని సైజుల జాకెట్లు ఉన్నాయని అతను పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్, ప్రకటనలోని ఫొటో, నేను ర్యాంప్ దగ్గర తీసిన చిన్న వీడియో, ఈ మూడూ జత చేశాను. ఐదు వారాలకి డబ్బు వెనక్కి వచ్చింది. వీడియో లేకపోతే వచ్చేది కాదని నా నమ్మకం, ఎందుకంటే అతను మేమే రాలేదని బ్యాంకుకి రాశాడు. జెల్‌లో పంపిన 500కి మాత్రం బ్యాంకు చేతులెత్తేసింది. మీ అంతట మీరే పంపారు కాబట్టి మేం వెనక్కి తేలేం అన్నారు. జెల్ అంటే మన చేత్తో నోట్లు ఇచ్చినట్టే, ఇది దయచేసి గుర్తు పెట్టుకోండి. తెలిసినవాళ్లకి పంపుకోవడానికే తప్ప, ముక్కూ మొహం తెలియని మనిషికి డిపాజిట్ కట్టడానికి అది కాదు. డిపాజిట్ కూడా కార్డు మీద హోల్డ్ (డబ్బు తీసుకోకుండా ఆ మొత్తాన్ని ఆపి ఉంచడం) పెట్టమనండి, కుదరదంటే ఆ బోటు వదిలేయండి. టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో 20 వేల డాలర్ల వరకు దావా వేసుకోవచ్చు, ఆ కాగితాలు కూడా చూస్తున్నాను.

నేను ఆలస్యంగా తెలుసుకున్న చట్టం సంగతులు మీరు ముందే తెలుసుకోండి. టెక్సస్‌లో 26 అడుగుల లోపు బోటు మీద 13 ఏళ్లు నిండని పిల్లలు కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. ఇంజిన్ ఆపేసి ఊరికే తేలుతున్నా సరే, లంగరు వేసో ఒడ్డుకి కట్టేసో ఉంటే తప్ప. పెద్దవాళ్లు వేసుకోకపోయినా మనిషికొకటి చొప్పున బోటులో ఉండాల్సిందే. పిల్లల జాకెట్‌కి వయసు కాదు, బరువు లెక్క: ట్యాగు మీద 30 పౌండ్ల లోపు, 30 నుంచి 50, 50 నుంచి 90 అని రాసి ఉంటుంది, 90 దాటితే పెద్దవాళ్లది. మా పాప 38 పౌండ్లు. అలాగే 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు సొంతంగా నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. బోటు మా బామ్మర్ది నడుపుతాడని, అతను 96లో పుట్టాడని మెసేజ్‌లో చెప్పినా ఆ మనిషి సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. లేక్ మీద తనిఖీ చేసే అధికారి, గేమ్ వార్డెన్, ఆపితే నీళ్ల మీద దొరికేది మనం, ర్యాంప్ మీద నుంచి వెళ్లిపోయిన అతను కాదు.

ఇంకోటి, ఈ లేక్‌లో చాలా చోట్ల నీళ్ల కింద మునిగిపోయిన చెట్ల మోళ్లు ఉన్నాయి. ప్రొపెల్లర్ వాటికి తగిలితే దెబ్బ తింటుంది. మేం బోటు కదపలేదు కాబట్టి ఆ గొడవ మాకు రాలేదు గానీ, మీరు ఎవరి దగ్గర అద్దెకు తీసుకున్నా, బయల్దేరే ముందు ప్రొపెల్లర్‌నీ, అడుగున ఉండే పాంటూన్ గొట్టాల్నీ దగ్గరగా వీడియో తీసి, అది వెంటనే వాళ్లకే పంపేయండి. పాత సొట్టకి మీ డిపాజిట్ పట్టుకోకుండా ఉంటారు.

స్టూడెంట్స్‌కి ప్రత్యేకంగా చెప్తున్నాను, అన్నయ్యలా అనుకోండి. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన తెలుగు పిల్లలు లేకుల్లో మునిగిపోయారన్న వార్త ఎన్నిసార్లు చదివాం. తలా కొంచెం వేసుకుంటే చవకగా బోటు వస్తుందని, ఈత రానివాళ్లు కూడా ఎక్కేస్తారు. జాకెట్ వేసుకుంటే ఫొటో బాగా రాదని తీసేస్తారు. లేక్ నీళ్లు స్విమ్మింగ్ పూల్‌లా ఉండవు, మోకాలి లోతు అనుకున్న చోట రెండడుగులు వేస్తే నేల అందకపోవచ్చు, నీళ్లు మట్టిరంగులో ఉంటే పడ్డ మనిషి ఎక్కడున్నాడో కూడా కనబడదు.

బోటు లేకపోతే సరదా లేదనుకోకండి. తర్వాతి వారం డే పాస్ ముందే రిజర్వ్ చేసుకుని ఐల్ డు బాకే వెళ్లాం. మేం స్టేట్ పార్క్స్ పాస్ తీసుకున్నాం, ఏడాది పాటు మన కారులో ఉన్నవాళ్లకి ప్రవేశ రుసుము ఉండదు, కానీ పాస్ ఉన్నా రద్దీ రోజుల్లో స్థలం రిజర్వ్ చేసుకోవాల్సిందే. స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచి చేపలు పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, మా నాన్న గాలం వేసి మూడు గంటలు కదల్లేదు. ఈత కొట్టే బీచ్ ఉంది, అయితే లైఫ్ గార్డులు ఉండరు, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి ఫోన్ పక్కన పెట్టి వాళ్ల మీదే కళ్లు పెట్టాలి. మా వంతుల్లో అరగంటకొకరం మారాం. పాపకి కొత్త జాకెట్ కొన్నాం, 30 నుంచి 50 పౌండ్లది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది. కొట్టులోనే వేసి భుజాలు పట్టుకుని ఎత్తి చూశాను, ఈసారి పాప కూడా లేచింది. అది ఇప్పుడు కారు డిక్కీలోనే ఉంటుంది.

జులై నాలుగుకి ఎవరైనా ఇప్పటికే ఇలాంటి బోటుకి డబ్బు కట్టేసి ఉంటే, ఇవాళే మెసేజ్ పెట్టి పిల్లల జాకెట్ల ట్యాగులు, కిల్ స్విచ్ తాడు ఫొటోలు పంపమనండి. ఏ ర్యాంప్ దగ్గర ఇస్తారో రాతలో తీసుకుని, పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి ఆ మనిషికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఫొటోలు రాకపోతే, కార్డుతో కట్టినదానికి బ్యాంకులో డిస్ప్యూట్ వేయడం ఆలస్యం చేయకండి. క్రెడిట్ కార్డు అయితే, ఛార్జ్ మొదట కనబడిన స్టేట్‌మెంట్‌ని బ్యాంకు పంపిన రోజు నుంచి 60 రోజుల్లోపే అది రాతపూర్వకంగా వాళ్లకి చేరాలి.